రెక్క అడ్డొస్తే సిగ్నల్ పోతుందా?

అనంతపురం జిల్లా ఉరవకొండ నుంచి వజ్రకరూరు వైపు పోతుంటే దారికి రెండు పక్కలా గాలిమరలే. ఊళ్లలో వాటిని ‘ఫ్యాన్లు’ అంటారు. ఆ ఊళ్లలో ఏ టీ కొట్టు దగ్గర కూర్చుని ఫోను తీసినా ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: ‘ఈ ఫ్యాన్లు నిలబెట్టినప్పట్నుంచి సెల్లుకు సిగ్నల్ సరిగా రాదు సార్.’ కంపెనీ వాళ్ల దగ్గరికి పోయి అదే అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘అదంతా అపోహ, మా నివేదికలో ప్రభావం ఏమీ లేదని తేలింది.’ ఒకరిది జ్ఞాపకం, ఇంకొకరిది కాగితం మీది లెక్క. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో సగంలో ఉందని సర్దిచెప్పడం తేలికే గాని, అది సరైన జవాబు కాదు. సగం అనేది లేదు. కొన్ని సిగ్నళ్ల మీద గాలిమర ప్రభావం ఖాయం, కొన్నింటి మీద దాదాపు సున్నా. ఏది ఏ కోవలోకి వస్తుందో విడదీసి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే 4,000 మెగావాట్ల పైచిలుకు పవన విద్యుత్ సామర్థ్యం ఉంది, అందులో ఎక్కువ భాగం రాయలసీమలోనే. తెలంగాణలో పరిగి వైపు ఉన్నవన్నీ కలిపినా 130 మెగావాట్లకు చేరదు. కాబట్టి ఇది ముఖ్యంగా సీమవాళ్ల ప్రశ్న.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. సీలింగు ఫ్యానుకు పైన లైటు బిగించిన గదిలో ఎప్పుడైనా చదువుకున్నారా? ఫ్యాను తిరుగుతుంటే గోడ మీద, పుస్తకం మీద వెలుగు మినుకుమినుకుమంటుంది. లైటు వెలుగులో లోపం లేదు, కంటికీ జబ్బు లేదు. మధ్యలో రెక్క పోతోంది, అంతే. రేడియో తరంగం కూడా వెలుగు జాతిదే. గాలిమర దాన్ని మూడు రకాలుగా తాకుతుంది. ఉక్కు స్తంభం వెనక కొంత నీడ పడుతుంది. స్తంభం, రెక్కలు తరంగాన్ని అద్దంలా పక్కలకు, వెనక్కు చెదరగొడతాయి. రెక్కలు తిరుగుతున్నందువల్ల ఆ నీడా, ఆ ప్రతిబింబమూ నిలకడగా ఉండక లయబద్ధంగా కొట్టుకుంటాయి. మూడు రెక్కల మర నిమిషానికి 15 చుట్లు తిరిగితే ఆ కొట్టుకోవడం నిమిషానికి 45 సార్లు. రెక్కలు గాజు పీచుతో చేసినవే కదా, తరంగాన్ని ఏం చేస్తాయి అనుకోవద్దు. వాటి లోపల పిడుగును నేలకు దింపే లోహపు తీగ పొడవునా ఉంటుంది. పెద్ద రెక్కల్లో కార్బన్ పీచు కూడా వాడుతున్నారు. రెండూ విద్యుత్తును ప్రవహింపజేసేవే.

ఈ కథలో మొదట దెబ్బ తిన్నది టీవీ. యాంటెన్నా కాలం గుర్తున్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మిద్దె మీద ఒకరు కమ్మీ తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకరు ‘ఆ... ఆ... పోయింది, వెనక్కి తిప్పు’ అని కేకలు వేసేవాళ్లు. తలమీదుగా విమానం పోతే తెర మీద బొమ్మ ఊగిపోయేది. నేరుగా వచ్చిన సిగ్నలుకూ విమానం పొట్టకు తగిలి వచ్చిన సిగ్నలుకూ పొంతన కుదరక వచ్చే తంటా అది. విమానం పోతుంది, తంటా పోతుంది. గాలిమర మాత్రం ఒకచోట నిలబడి రోజంతా తిరిగే విమానం.

దీన్ని మొదట శాస్త్రీయంగా కొలిచింది అమెరికాలో. 1973 చమురు సంక్షోభం తర్వాత నాసా పెద్ద గాలిమరల మీద ప్రయోగాలు మొదలుపెట్టింది. ఒహాయో రాష్ట్రంలో ప్లమ్ బ్రూక్ దగ్గర 1975లో 100 కిలోవాట్ల ‘మాడ్-0’ మరను నిలబెట్టింది. మిషిగన్ విశ్వవిద్యాలయం రేడియేషన్ ప్రయోగశాలలో దీపక్ సేన్‌గుప్తా, థామస్ సీనియర్ అనే ఇద్దరు దాని చుట్టూ టీవీ సిగ్నళ్లు కొలిచారు. సేన్‌గుప్తా కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో భౌతికశాస్త్రం చదివి వెళ్లినవాడు. 1979లో వాళ్లు ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ఈనాటికీ మొదటి మెట్టు. వాళ్లు చూసిందేమిటంటే, రెక్క తిరిగినప్పుడల్లా బొమ్మ చెదురుతుంది, ధ్వని మాత్రం బాగానే ఉంటుంది. కారణం సులువే. పాత టీవీలో బొమ్మ తరంగం ఎత్తుపల్లాల మీద ఎక్కి వస్తుంది, ధ్వని దాని పౌనఃపున్యం మీద ఎక్కి వస్తుంది. రెక్క చెడగొట్టేది ఎత్తుపల్లాలను.

మరకు తగిలి ఆలస్యంగా వచ్చిన సిగ్నల్ తెర మీద రెండో బొమ్మ వేస్తుంది. అది ఎక్కడ పడుతుందో లెక్క కట్టడం కూడా కష్టం కాదు. తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. పాత టీవీ తెర మీద ఒక గీత గీయడానికి పట్టే కాలం 52 మైక్రోసెకన్లు. గాలిమరకు తగిలి వచ్చిన సిగ్నల్ నేరుగా వచ్చినదాని కంటే 300 మీటర్లు ఎక్కువ దూరం నడిచిందనుకుంటే, అర మీటరు వెడల్పు తెర మీద దాని నీడ సుమారు ఒక సెంటీమీటరు పక్కన పడుతుంది. రెక్క కదిలినప్పుడల్లా ఆ నీడ వచ్చి పోతుంటుంది. వార్తలు చదివే ఆవిడకు నిమిషానికి 45 సార్లు కవల చెల్లెలు పుట్టి మాయమవుతుందన్నమాట.

రోడ్ ఐలాండ్ తీరంలో బ్లాక్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ 1979లో 200 కిలోవాట్ల మర పెట్టారు. దీవివాళ్లకు టీవీ సిగ్నల్ సముద్రం అవతలి ప్రధాన భూభాగం నుంచి రావాలి, అసలే అది బలహీనం. దాని మీద రెండు రెక్కల మర నిమిషానికి 40 చుట్లు తిరిగితే ఇంకేముంది? చివరకు దీవికి కేబుల్ టీవీ వేయాల్సి వచ్చింది. ఈ ఉదంతంలో నాకు ముఖ్యమనిపించేది కేబుల్ కాదు, ‘అసలే బలహీనం’ అనే మాట. గాలిమర చెడగొట్టే శక్తి ఎప్పుడూ నేరుగా వచ్చే సిగ్నలుతో పోల్చి చూడాల్సినదే. నేరు సిగ్నల్ దండిగా ఉన్నచోట చెదిరి వచ్చినది లెక్కలోకి రాదు. ఇల్లు కొండ చాటున ఉండి, గాలిమర కొండ నెత్తిన ఉంటే కథ తిరగబడుతుంది. ప్రసార కేంద్రానికి ఇల్లు కనబడదు, మర బాగా కనబడుతుంది. అప్పుడు అసలు కంటే నీడ బలంగా వస్తుంది. గాలి కోసం కొండ నెత్తిన మరలు, కొండ కింద ఊళ్లు ఉండే మన ప్రాంతంలో ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

గాలిమరల వల్ల కలిగే ఈ ఆటంకాన్ని అంచనా వేయడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం పాత టీవీకి 1992లో ఒక సిఫారసు, డిజిటల్ టీవీకి 2011లో ఇంకొకటి ఇచ్చింది. ఈ రెండింటి మధ్య ప్రపంచం మారిపోయింది. డిజిటల్ ప్రసారం ప్రతిధ్వనులను ముందే ఊహించి తయారైంది. ఒక్కో సమాచార ముక్క ముందు కొంత విరామం వదులుతారు. ఆలస్యంగా వచ్చిన ప్రతిబింబం ఆ విరామంలో పడి చస్తుంది. ఐరోపాలో వాడే పద్ధతిలో ఈ విరామాన్ని 224 మైక్రోసెకన్ల దాకా పెంచవచ్చు, అంటే 67 కిలోమీటర్ల అదనపు దారిని కూడా సహిస్తుంది. స్పెయిన్‌లో బాస్క్ విశ్వవిద్యాలయం వాళ్లు పవన క్షేత్రాల చుట్టూ డిజిటల్ సిగ్నళ్లను ఏళ్ల తరబడి కొలిచారు. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వచ్చి మరకు తగులుతోంది, ఇల్లు మరకు ఏ పక్కన ఉంది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందని ఆ కొలతలు చూపుతాయి. నేరు సిగ్నల్ సన్నగిల్లిన ఇళ్లలో తప్ప మిగతాచోట్ల పెద్ద చిక్కు ఉండదు. అయితే డిజిటల్‌కు ఒక దుర్గుణం ఉంది. పాత టీవీ చెడితే కొంచెం కొంచెంగా చెడేది, చీమలు పాకినా వార్తలు చూడనిచ్చేది. డిజిటల్ ఒక హద్దు దాకా అద్దంలా ఉండి, హద్దు దాటగానే ముక్కలై ఆగిపోతుంది.

మనకు ఈ చర్చంతా ఇప్పుడు చరిత్రే. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మీటర్లను వ్యూహాత్మక ప్రాంతాల్లో ఓ యాభై దాకా మినహాయించి, మిగతావన్నీ 2022 మార్చి నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. మిద్దె మీది కమ్మీ యాంటెన్నా బట్టలు ఆరేసుకోవడానికి మిగిలింది. ఇప్పుడు పల్లెల్లో టీవీ అంటే కేబుల్, లేదంటే ఆకాశం వైపు చూసే గిన్నె. గిన్నెకు గాలిమర అడ్డొస్తుందా? డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం భూమధ్యరేఖ మీద, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. అనంతపురం నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున సుమారు 65 డిగ్రీల ఎత్తులో, దాదాపు నడినెత్తిన ఉంటుంది. రెక్క కొసతో కలిపి 200 మీటర్లుండే కొత్త మర ఆ చూపుకు అడ్డు రావాలంటే ఇంటికి వంద మీటర్ల లోపే ఉండాలి, అదీ సరిగ్గా ఆగ్నేయంలోనే. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు శబ్దం బాధ దృష్ట్యా నివాసాలకు 500 మీటర్ల దూరం పాటించమంటున్నాయి. ఆ దూరం పాటించినచోట గిన్నె టీవీ చెడిందంటే నేరం గాలిమరది కాదు, గిన్నె బోల్టులదో వానదో అయి ఉంటుంది. లండన్‌లో ఉపగ్రహం 25 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది కాబట్టి అక్కడివాళ్ల భయానికి మనకంటే కొంచెం ఎక్కువ ఆధారం ఉంది. పరదేశపు హెచ్చరికలను యథాతథంగా దిగుమతి చేసుకుంటే ఇలాంటిచోటే కాలు జారుతుంది.

ఇక రేడియో. ఎఫ్.ఎం. గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పాత టీవీ ధ్వనిని కాపాడిన గుణమే దాన్నీ కాపాడుతుంది: తరంగం ఎత్తుపల్లాలను రిసీవరే చదును చేసేస్తుంది. మీడియం వేవ్ సంగతి వేరు, కొంచెం ఆసక్తికరం కూడా. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమవుతుంది. ఆ తరంగం పొడవు 333 మీటర్లు, అందులో పావు వంతు 83 మీటర్లు. మీడియం వేవ్ ప్రసార స్తంభాలు చాలావరకు అటూ ఇటూగా ఆ పావు వంతు ఎత్తులోనే కడతారు. 80 మీటర్ల ఉక్కు గాలిమర స్తంభం కూడా అదే ఎత్తు. అంటే ఎవరూ అడగకుండానే అది ఒక యాంటెన్నా అయి కూర్చుంటుంది, వచ్చిన తరంగాన్ని పీల్చి మళ్లీ విరజిమ్ముతుంది. ప్రసార కేంద్రం పక్కనే ఉంటే స్టేషన్ ప్రసారం ఏ దిక్కుకు ఎంత పోవాలో ఆ అమరికనే చెడగొట్టగలదు. అందుకే అమెరికాలో 2013 నాటి నిబంధనల ప్రకారం మామూలు మీడియం వేవ్ కేంద్రానికి ఒక తరంగదైర్ఘ్యం లోపల, దిశాత్మక కేంద్రానికైతే 3 కిలోమీటర్ల దాకా, ఎత్తైన కట్టడం కట్టేవాళ్లు ముందుగా లెక్క చూపాలి. అంతకు మించిన దూరంలో ఉన్న మర వల్ల పొలంలో రేడియో గుర్రుమంటోందంటే అనుమానించాల్సింది మరను కాదు, దాని నుంచి కరెంటు మోసుకుపోయే 33 కె.వి. లైను మీద వదులైన ఇన్సులేటరును. ఆ లైను కంపెనీదే కాబట్టి ఫిర్యాదు మాత్రం సరైన తలుపే తట్టినట్టు.

టీ కొట్టు దగ్గరి ఫిర్యాదుకు వద్దాం. సెల్ ఫోను పుట్టుకతోనే చెదిరిన సిగ్నళ్లతో బతకడం నేర్చింది. నగరంలో టవర్ కనబడకుండానే గోడలకు తగిలి వచ్చిన తరంగాలతోనే మనం మాట్లాడుకుంటున్నాం. 4జీలో ప్రతి ముక్కకూ 4.7 మైక్రోసెకన్ల విరామం ఉంటుంది, ప్రతిబింబం 1.4 కిలోమీటర్లు ఎక్కువ నడిచి వచ్చినా ఇబ్బంది లేదు. మరి రెక్క వేగమో? కొస దగ్గర సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 290 కిలోమీటర్లకు దగ్గర. ఆ వేగం వల్ల 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పౌనఃపున్యం కొన్ని వందల హెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. 4జీ వాహకాల మధ్య ఎడం 15,000 హెర్ట్జ్. గంటకు 300 కిలోమీటర్ల పైన పోయే రైలులో మాట్లాడేందుకు తయారైన పద్ధతికి ఈ కుదుపు ఒక లెక్క కాదు. ఫోనుకూ టవరుకూ మధ్య గాలిమర వచ్చిందని కాల్ తెగిపోవడం, స్తంభం కిందే నిలబడితే తప్ప, జరిగే పని కాదు.

అయితే ఊరివాళ్లది వట్టి భ్రమేనా? అంత తొందరగా తేల్చేయడానికి లేదు. కంపెనీ నివేదికల్లో చాలాసార్లు ఒక్క వాక్యంలో దాటేసే విషయం ఒకటుంది. మన ఫోను నుంచి ఊరి టవరు దాకా ఒక అంచె, ఆ టవరు నుంచి పట్నం దాకా ఇంకో అంచె. టవరు మీద డోలు లాంటి గుండ్రటి డబ్బాలు కనిపిస్తాయే, అవి ఆ రెండో అంచెవి. ఫైబర్ చేరని పల్లె టవర్లు చాలావరకు ఈ మైక్రోవేవ్ డబ్బాల ద్వారానే ఒకదానితో ఒకటి, కొండ నుంచి కొండకు, సూటిగా చూసుకుంటూ మాట్లాడుకుంటాయి. మొదటి అంచె చెదిరిన సిగ్నలుతో సర్దుకుంటుంది. రెండో అంచె సర్దుకోదు, దానికి చూపు కావాలి. పైగా ఆ డబ్బాలకు కావాల్సింది ఎత్తైన గుట్ట, మరకు కావాల్సిందీ ఎత్తైన గుట్టే. ఇద్దరి కన్నూ ఒకే చోటు మీద.

ఆ చూపు సన్నటి గీత కాదు. రెండు కొసల దగ్గర సన్నగా, నడుమ లావుగా దోసకాయ ఆకారంలో ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ పేరుతో పిలిచే మండలం ఇదే. 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు టవర్లు 7 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుకుంటుంటే, నట్టనడుమ మొదటి మండలం వ్యాసార్ధం సుమారు 15 మీటర్లు, రెండోది 21 మీటర్లు. బ్రిటన్‌లో డేవిడ్ బేకన్ 2002లో దీనికొక పద్ధతి రాసిపెట్టాడు: డబ్బాకు మరీ దగ్గరలో మర ఉండకూడదు, రెండో ఫ్రెనెల్ మండలంలోకి రెక్క కొస కూడా రాకూడదు, చెదిరి వచ్చే సిగ్నల్ అసలుకు ఎన్నో రెట్లు తక్కువ ఉండాలి. ఈనాటికీ చాలా దేశాల ఇంజినీర్లు మొదట తీసేది ఆ కాగితాన్నే. మన ఉదాహరణకు దాన్ని పెడితే, 70 మీటర్ల రెక్క ఉన్న మర ఆ దారికి దాదాపు వంద మీటర్ల పక్కకు జరిగితే చాలు. వంద మీటర్లు! ఎకరాల కొద్దీ భూమి చూసుకునే కంపెనీకి అది పెద్ద జరుగుబాటు కాదు. పునాది పోయకముందు అయితే ఒక గీత చెరిపి ఇంకో గీత గీయడం. పోసిన తర్వాత అయితే ఎవరో ఒకరు టవరు మార్చాలి, దారి మళ్లించాలి, లేదా ఫైబర్ తవ్వాలి.

ఈ రెండో అంచె దెబ్బతింటే ఫోనులో గీతలు నిండుగానే కనిపిస్తాయి. గీతలు చూపేది ఊరి టవరుతో సంబంధాన్ని మాత్రమే. గీతలు నాలుగూ ఉండి నెట్ ఆడదు, కాల్ తగలదు. ‘సిగ్నల్ ఉంది గానీ పని చేయదు’ అని ఊరివాళ్లు చెప్పే మాటను కంపెనీ ఇంజినీరు నవ్వి కొట్టిపారేయకూడదు, ఆ మాటలోనే రోగ లక్షణం ఉంది. అదే మాటకు ఇంకో కారణం కూడా ఉండవచ్చు. సాయంత్రం ఏడింటికి ఊరంతా వీడియోలు చూస్తుంటే రద్దీ వల్లా అలాగే అవుతుంది. కరెంటు పోయి టవరు బ్యాటరీ దిగిపోతే గీతలే ఉండవు. ఒకే నొప్పికి నాలుగు కారణాలున్నప్పుడు కంటికి ఎదురుగా కనిపించే ఫ్యాను మీదికి నింద పోవడం సహజం.

ఇవన్నీ ఒక ఎత్తు, రాడార్ ఒక ఎత్తు. నిజంగా తెగని పేచీ అక్కడే. రాడార్ కొండలను, భవనాలను ఎలా వదిలేస్తుంది? అవి కదలవు కాబట్టి. కదిలేదే విమానం, కదిలేదే మబ్బు. గాలిమర ఈ సూత్రాన్నే ఎగతాళి చేస్తుంది. ఒకచోట నిలబడే ఉంటుంది, కానీ దాని రెక్క కొస తుపాను గాలి కంటే వేగంగా కదులుతుంటుంది. వాతావరణ రాడారుకు అది వాన లేని చోట ఉరుముల మబ్బులా కనబడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో మాంటగ్యూ వాతావరణ రాడారుకు దగ్గరలో ఉన్న మేపుల్ రిడ్జ్ మరలు ఇందుకు పేరుబడ్డ ఉదాహరణ. మన శ్రీహరికోట, మచిలీపట్నం, విశాఖ రాడార్లు తీరం మీద ఉన్నాయి. ఉరవకొండ మరలకూ శ్రీహరికోటకూ మధ్య మూడు వందల కిలోమీటర్ల పైమాటే, భూమి వంపే అడ్డుగా నిలుస్తుంది.

రక్షణ రాడార్ల దగ్గరైతే బేరం కుదరడం ఇంకా కష్టం. 2024 నవంబరు 4న స్వీడన్ ప్రభుత్వం బాల్టిక్ సముద్రంలో ప్రతిపాదించిన 13 పవన క్షేత్రాలను ఒక్కసారిగా తిరస్కరించింది. దూసుకొచ్చే క్షిపణిని పసిగట్టడానికి దొరికే రెండు నిమిషాలు ఒక నిమిషానికి తగ్గిపోతాయన్నది రక్షణ మంత్రి చెప్పిన కారణం. ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దగ్గర మాత్రం ఇంకో దారి తొక్కారు: వాతావరణ రాడారుకు సమీపంలో 35 మరలు పెడుతూ, రాడార్ తరంగాలను పీల్చుకునే రెక్కలు వాడారు. 2016లో అవి తిరగడం మొదలైంది. నెదర్లాండ్స్‌లో లోఫార్ రేడియో టెలిస్కోపు పక్కన 45 మరలకు అనుమతి ఇస్తూ, లోపలి ఎలక్ట్రానిక్స్ వెలువరించే రేడియో రొదను మామూలు ప్రమాణం కంటే 35 డెసిబెల్లు, అంటే మూడు వేల రెట్లకు పైగా, తగ్గించాలని షరతు పెట్టారు. ముందే అడిగితే తయారీదారులు దారికి వస్తారని ఈ రెండు చోట్లా తేలింది.

మన దగ్గర ముందే అడగడానికి కావాల్సిన సరంజామా లేకపోలేదు. మైక్రోవేవ్ దారులకు తరంగాలు కేటాయించేది కేంద్ర టెలికాం శాఖ. మరలకు చోటు చూపేటప్పుడు రాష్ట్రంలో పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ ఉంటుంది. ఒకరి దగ్గర టవర్ల అక్షాంశ రేఖాంశాలు, ఇంకొకరి దగ్గర మరలవి. రెండు జాబితాలనూ ఒకే పటం మీద పరిచి వంద మీటర్ల పట్టీ గీస్తే, ఏ మర ఏ దారికి అడ్డమో ఒక పూటలో తెలుస్తుంది. కెనడాలో పవన విద్యుత్ పరిశ్రమ, రేడియో సంస్థలు కలిసి కూర్చుని ఏ సేవకు ఎంత దూరం నుంచే సంప్రదించుకోవాలో రాసుకున్నాయి. మర పెట్టకముందు చుట్టుపక్కల ఊళ్లలో సిగ్నల్ కొలిచి, ఆ కాగితం పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి ఉంచడం కూడా షరతుల్లో చేరాలి. మొదటి కొలత లేకపోతే తర్వాత ఎవరి మాటా రుజువు కాదు.

ఆ కొలత లేని ఊళ్లవాళ్లకు ఒక చిట్కా. అనంతపురం వైపు గాలి జోరు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ తర్వాత ఫ్యాన్లు నిలిచిపోయే రోజులు దొరుకుతాయి. ఫ్యాన్లు తిరిగే రోజుల్లోనూ నిలిచిన రోజుల్లోనూ ఒకే చోట, ఒకే వేళకు, పొద్దున్నే రద్దీ లేనప్పుడు, ఫోనులో నెట్ వేగం చూసి తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. తిరిగేటప్పుడే చెడుతుంటే అది రెక్కల పని, ఆ పుస్తకం పట్టుకుని కంపెనీని నిలదీయండి. నిలిచినప్పుడూ అలాగే ఉంటే ఒక ప్రశ్న మిగులుతుంది: ఊరి టవరు డబ్బాకూ అవతలి టవరుకూ మధ్య స్తంభమేదైనా నిలబడి ఉందా? గుట్టెక్కి చూస్తే కంటికే తెలుస్తుంది. అదీ లేకపోతే ఫ్యాను జోలికి పోకుండా సెల్ కంపెనీకి ఫిర్యాదు పెట్టండి.